పోగు తెగితే గుంజు, తాడు తెగితే నూకు

మొన్న స్కూటీ లైసెన్సు రెన్యువల్‌కని కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లాను. ఈ వయసులో స్కూటీ ఎందుకమ్మా, ఇంటిపట్టున ఉండరాదా అని కౌంటర్లో కూర్చున్న అబ్బాయి ఒక ఉచిత సలహా పారేశాడు. మా ఇంటికి రోజూ కూరగాయలు నువ్వు తెచ్చిపెడతావా అని అడిగాను. నోరు మూసుకుని ఫారం నింపడంలో పడ్డాడు. పేరు, వయసు, రక్తం గ్రూపు అయ్యాక, తల ఎత్తకుండానే, ఇదివరకు వేరే లైసెన్సులేమన్నా ఉండెనా అన్నాడు. రెండు ఉండేవన్నాను. లారీవా అని నవ్వాడు. కాదు నాయనా, గాల్లో ఎగిరేవి అన్నాను. అప్పుడు తల ఎత్తి నన్నొకసారి, నా వెనక లైన్లో నిలబడ్డవాళ్లనొకసారి చూసి, ఆ గడిలో 'లేవు' అని రాసుకున్నాడు.

నేను వాదించలేదు. నిజం చెప్పినా నమ్మేవాళ్లు లేరని ఆ సంగతి ఎత్తడమే మానేసి చాలా ఏళ్లయింది. కానీ తిరిగి వస్తుంటే దారి పొడుగునా నాకు నవ్వు ఆగలేదు. ఇంటికొచ్చి స్కూటీ స్టాండు వేసి, ఈ కాగితం ముందు కూర్చున్నాను. నమ్మేవాళ్లు నమ్మండి, లేనివాళ్లు ఆ అబ్బాయితో పాటు 'లేవు' అని రాసుకోండి.

మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచా అంటారు. మా ఇంటి ముందు గదిలో రెండు సాంచాలు, వెనక గదిలో మేమూ ఉండేవాళ్లం. ఇల్లు మాది అనే మాటే గానీ మంచి గది వాటిది. పొద్దున లేచింది మొదలు టకటక టకటక. ఆ చప్పుడు మీదుగా మాట్లాడాలి కాబట్టి మా వీధి వాళ్లందరివీ గట్టి గొంతులే. పెళ్లిళ్లకు ఇతర ఊళ్లకు పోతే, వీళ్లు పోట్లాడుకుంటున్నారేమోనని జనం చుట్టూ మూగేవాళ్లు. ఇంట్లో ఎప్పుడూ గంజి పెట్టిన నూలు వాసన, మిషను నూనె వాసన, వాటికి తోడు అవ్వ పెనం మీద కాల్చే సర్వపిండి వాసన. అవ్వ అంటే నానమ్మ అనుకునేరు. మా వైపు తల్లినే అవ్వ అంటాం. తండ్రిని బాపు అంటాం.

బాపు ఒక సాంచా నడిపితే, రెండోది జీతానికి వచ్చే ఒకాయన నడిపేవాడు. బాపు అన్నానికి లేచినప్పుడు ఆయన సాంచా దగ్గర నిలబడే పని నాది. పదేళ్ల వయసులోనే పట్టుబడింది. నిలబడి చూస్తుండడమే కదా అనుకుంటారు. వేల పోగులు పక్కపక్కన సాగిపోతుంటాయి. అందులో ఒక్కటి తెగినా కుడిచేతి దగ్గరున్న పిడిని మనవైపు ఒక్క గుంజు గుంజి సాంచాను ఆపాలి, ఆ వెంటనే వంగి తెగిన కొసలు వెతికి ముడెయ్యాలి. ఆలస్యమైతే బట్ట మీద గీత పడుతుంది. గీత పడ్డ బట్టను మా దగ్గర కొనే సేటు తీసుకోడు. ఒకసారి నేను కిటికీలోంచి పుల్ల ఐస్ బండిని చూస్తూ రెండు జానల బట్ట ఖరాబు చేశాను. బాపు కొట్టలేదు. నా చేతిని పిడి మీద పెట్టి, దాని మీద తన చేయి పెట్టి, గుంజు, గుంజు, గుంజు అని ఒక యాభైసార్లు గుంజించాడు. ఆ తర్వాత నా చేయి నన్ను అడగడం మానేసింది. పోగు తెగిందని మనసుకు తెలిసేలోపే చేయి వెనక్కి వచ్చేసేది, చూపు కిందికి దిగేది. ఆ చేయి గురించి మా వీధిలో కాస్త పేరు కూడా వచ్చింది.

ఇంటర్‌కు జగిత్యాలలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి చదివాను. ఆమె బీడీలు చుట్టేది, ఇల్లంతా తునికాకు వాసన. కాలేజీలో క్యాడెట్ల దళం ఉండేది. దేశసేవ కోసం చేరానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. నేను చేరింది పరేడ్ అయ్యాక పెట్టే ఉడకబెట్టిన గుడ్డు, రెండు అరటిపళ్ల కోసం. నాతోపాటు చేరిన ఇంకో పిల్ల గుడ్డు తినదు, కాబట్టి నాకు రెండు. అలా గుడ్ల మీద ఏడాది గడిచాక, ఒకరోజు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. వరంగల్ అవతల పాత విమానాల మైదానంలో శిబిరం పెడుతున్నారు, క్యాడెట్లకు గ్లైడరు నడపడం నేర్పిస్తారు, ఆడపిల్లలు కూడా రావచ్చు, తండ్రి సంతకం కావాలి.

గ్లైడరు అంటే ఇంజను లేని చిన్న విమానం. ఒక కిలోమీటరు దూరంలో ఇంజను కట్టిన పెద్ద చక్రం లాంటిది ఉంటుంది. దాన్ని విన్చి అంటారు. అది ఇనుప తాడును గిరగిరా చుట్టుకుంటుంటే, ఈ కొసకు తగిలించిన గ్లైడరు గాలిపటం లాగా లేస్తుంది. పైకి పోయాక తాడు వదిలేసి, గాలి మీద తేలుతూ చుట్టు తిరిగి వచ్చి దిగడమే. ఇదంతా నేను ఇంట్లో చెప్పేసరికి అవ్వ చేతిలో ఉన్న నూలు కండెల గంప కింద పెట్టేసి ఏడుపు ఎత్తుకుంది. కొండగట్టు అంజన్న సముద్రం మీద ఎగిరాడు కదా అని నేను తెలివిగా ఒక మాటన్నాను.

"అంజన్న ఎగిరిండు. ఆయనకు ఎవలన్న తాడు గట్టి గుంజిండ్రానే?" అంది అవ్వ.

బాపు మాత్రం ఆ విమానం దేంతో చేస్తారని అడిగాడు. కట్టె చట్రం, దానిమీద బట్ట బిగించి వార్నీషు లాంటిది పూస్తారట అన్నాను. బాపు ముఖం మారిపోయింది. బట్టా అన్నాడు. రెక్కలకు కూడా బట్టేనా అన్నాడు. ఏ నూలో, నేత ఎంత బిగువో కనుక్కుని రమ్మన్నాడు. బట్ట నేసేవాడు మంచివాడైతే భయం లేదని అవ్వకు నచ్చజెప్పి, ఫారం మీద సంతకం పెట్టాడు. అవ్వ అప్పటికప్పుడు కొండగట్టుకు మొక్కుకుంది.

ఆ దసరా సెలవుల్లో శిబిరానికి వెళ్లాను. మేం ఆడపిల్లలం ఆరుగురం, మగపిల్లలు ముప్పైమంది దాకా. రేకుల షెడ్డు, ఉప్పులేని పప్పు, పొద్దున్నే ఐదింటికి విజిలు. గ్లైడరును మొదటిసారి చూసినప్పుడు అందరూ దాని ముక్కు దగ్గర మూగారు. నేను రెక్క కిందికి పోయి బట్టను వేలితో మీటి చూశాను. డప్పులా మోగింది. పుల్లటి ఘాటైన వాసన, గంజికి అక్కాచెల్లెలు అనిపించింది. నేర్పే సారు ఉత్తరాదివాడు. వైమానిక దళంలో పనిచేసి వచ్చాడు. తక్కువ మాట్లాడేవాడు, అదీ హిందీలో. నువ్వేం చేస్తున్నావక్కడ అంటే, నేత బాగుందా లేదా చూస్తున్నా సార్ అన్నాను. ఆయన మీసాల కింద నవ్వాడో లేదో తెలియలేదు.

విన్చి నడిపేది ఒక పెద్దాయన. అందరం చాచా అనేవాళ్లం. ఆయనది కోరుట్లే. చాలా ఏళ్లు లారీ నడిపి ఇక్కడికి వచ్చాడు. ఇంట్లో ఉర్దూ, మాతో మా తెలుగు. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోంచి ఖట్టీ దాల్, అదే చింతపండు పప్పు, నాకు కాస్త పోసేవాడు. ఆ ఉప్పులేని పప్పు నుంచి నన్ను బతికించింది ఆయనే. నేను నలభై రెండు కిలోలే ఉండేదాన్ని. గ్లైడరుకు ముందు సీట్లో అంత తక్కువ బరువు ఉంటే కుదరదని నా కింద ఇసుక సంచి పెట్టేవారు. మగపిల్లలు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి ఇసుక సంచి అనే పిలిచారు. నేను వాళ్ల బూట్లలో ఆ ఇసుకే పోశాను. రెండు రోజుల్లో పిలుపు మానుకున్నారు.

మొదటిసారి పైకి పోయినప్పటి సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. తాడు వదిలేశాక ఏ చప్పుడూ లేదు. గాలి సన్నగా ఈల వేస్తుంది, అంతే. నేను సాంచాల మధ్య పుట్టినదాన్ని. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం ఎరగను. కింద చెరువులు, మక్కజొన్న చేన్లు, చీమల్లా బర్రెలు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. సారు వెనక సీట్లో ఉన్నాడు కాబట్టి చూడలేదు. పైలట్ కావాలని ఆ క్షణం దాకా నాకు లేదు. ఆ క్షణం తర్వాత ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

నాకు త్వరగానే వచ్చేసింది. మైదానంలోనే ఆరోగ్య పరీక్ష చేసి, నోటితో ప్రశ్నలు అడిగి మొదటి లైసెన్సు ఇచ్చారు. అది విద్యార్థి లైసెన్సు. దానితో సారు చూస్తుండగా నేర్చుకోవచ్చు. అసలుది రెండోది. ఒంటరిగా చెప్పినన్నిసార్లు ఎగిరి, దిగి, పరీక్ష నెగ్గితేనే ఇస్తారు. దాని మీదే నా ప్రాణం ఉంది.

అక్కడే వచ్చి పడింది చిక్కు. గ్లైడరు ముక్కు ఆకాశానికి ఎత్తి ఎక్కుతున్నప్పుడు ఎప్పుడైనా ఆ ఇనుప తాడు తెగొచ్చు. తెగితే వేగం రెండు మూడు క్షణాల్లో పడిపోతుంది. వెంటనే గ్లైడరును నడిపే కర్ర ఒకటి మన చేతిలో ఉంటుంది, దాన్ని ముందుకు తోసి ముక్కు దించాలి, చూపు ఎదురుగా నేల మీద పెట్టాలి. కర్రను వెనక్కి లాగితే రెక్కకు గాలి పట్టు పోయి కింద పడిపోతుంది. దీన్ని పిల్లలకు నేర్పడానికి సారు ముందుగా చెప్పకుండా, సగం ఎత్తులో తాడు తానే వదిలేసేవాడు. మిగిలినవాళ్లందరూ రెండోసారికో మూడోసారికో నేర్చేసుకున్నారు.

నేను మాత్రం తాడు వదులైన మరుక్షణం కర్రను కడుపులోకి గుంజేశాను. సారు వెనక సీట్లోని తన కర్రతో సరిచేశాడు. రెండోసారీ అంతే. మూడోసారి గుంజడమే కాదు, మెడ వంచి కిందికి చూశాను. దిగాక సారు నన్ను నిలబెట్టి, అందరూ ముందుకు చూస్తుంటే నువ్వు కింద ఏం వెతుకుతున్నావు అని అడిగాడు. నాకు జవాబు తెలుసు, చెప్పడానికి సిగ్గేసింది. ఆ సాయంత్రం చాచా టీ పోస్తూ అదే అడిగితే నిజం చెప్పేశాను.

"కొస వెతుకుతున్న చాచా. తెగిన కొస."

చాచా పడీపడీ నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. లేచి సారు దగ్గరకు వెళ్లి, ఈ పిల్ల నేతపని వాళ్ల పిల్ల అని, సాంచా సంగతంతా ఉర్దూలో విడమరచి చెప్పాడు. సారు విన్నాడు. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. నీ చేతి తప్పు కాదు, కానీ నేల ఆ లెక్క చూడదు అన్నాడు. సంక్రాంతి సెలవుల శిబిరంలో మొదటి రోజే తాడు వదులుతాను, చేయి వెనక్కి వచ్చిందో నీ ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్లిపోవాలి, నీ చోటు కోసం బయట చాలామంది ఉన్నారు అన్నాడు.

ఇంటికొచ్చిన మూడో రోజు బాపు అన్నం తింటున్నప్పుడు సాంచా దగ్గర నిలబడ్డాను. ఒక పోగు తెగింది. నా చేయి ఠక్కున వెనక్కి వచ్చింది. ఆ చేతిని చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బాపు కంచం వదిలేసి వచ్చాడు. అంతా చెప్పాను. బాపు నా చేతిని పిడి మీద నుంచి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు.

"గీ చెయ్యిని గిట్ల జేసింది నేనే బిడ్డా," అన్నాడు. "నేర్పినోన్ని మరిపిస్త తియ్."

ఎలా మరిపిస్తాడో నాకు అర్థం కాలేదు. మర్నాడు పొద్దున వాకిట్లో పీట వేసి నన్ను కూర్చోబెట్టాడు. సాంచా కర్రముక్క ఒకటి నా మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకోమన్నాడు. గట్టి నూలు దారం నా నడుముకు చుట్టి, రెండో కొస తన ఎడమచేతికి చుట్టుకుని ఎదురుగా పోయి నిలబడ్డాడు. దారం బిగుసుకుంది. కుడిచేతిలో దారాలు కత్తిరించే చిన్న కత్తెర. పంటలు ఎట్లున్నాయి, చిన్నమ్మ ఎట్లుంది అని ఏవో కబుర్లు చెబుతూ చెబుతూ చటుక్కున కత్తిరించేవాడు. నడుము దగ్గర వదులు కాగానే నేను కర్రను ముందుకు తొయ్యాలి, బాపు ముఖం చూడాలి. కిందికి చూడకూడదు. మొదట్లో పదికి పదిసార్లూ గుంజాను.

"నూకు," అనేవాడు బాపు. "గుంజుడు సాంచాకు. దీనికి నూకు."

అని తనూ ఖాళీ చేతిని నాతోపాటు ముందుకు తోసి చూపించేవాడు. మా వైపు నూకడమంటే తొయ్యడం. దారం మళ్లీ కట్టడం, మళ్లీ బిగించడం, మళ్లీ కత్తిరించడం. శనివారం జగిత్యాల నుంచి బస్సు దిగిన దగ్గర్నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఇదే పని. రెండు నెలలు సాగింది. వాకిలంతా తెగిన దారం ముక్కలు. అవ్వ ఊడ్చీ ఊడ్చీ విసిగిపోయింది. చెప్పి కత్తిరిస్తే ఏం లాభమని, బాపు నేను బట్టలు ఉతుకుతున్నప్పుడు, జడ వేసుకుంటున్నప్పుడు కూడా దారం కట్టి ఉంచేవాడు. ఒకరోజు అన్నం తింటుంటే కత్తిరించాడు. నా చేయి ముందుకు పోయింది. దానితోపాటు పచ్చిపులుసు గిన్నె కూడా పోయింది, ఎదురుగా కూర్చున్న అవ్వ ఒళ్లోకి. అవ్వ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. బాపు మాత్రం ఎగిరి గంతేశాడు.

"నూకింది సూసినవా! సూసినవానే!"

ఇంతలో వీధిలో ఒక పుకారు లేచింది. జగిత్యాలలో చదివే పిల్లకు ఏదో సోకిందట, నడుముకు దారం కట్టి కూర్చోబెడుతున్నారట, పిల్ల చేతులు విసురుతుందట. పక్కింటావిడ అవ్వను చాటుకు పిలిచి, కొండగట్టులో నలభై రోజులు నిద్ర చేయిస్తే ఎలాంటి గాలి అయినా వదులుతుందని ధైర్యం చెప్పింది. అవ్వ నవ్వాలో ఏడవాలో తెలియక, మొక్కు ఎలాగూ ఉంది తల్లీ అని వచ్చేసింది.

సంక్రాంతి సెలవులకు మళ్లీ మైదానానికి వెళ్లాను. బస్సులో కూర్చున్నంతసేపూ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాను. మొదటి రోజు నా వంతు నాలుగోది. గ్లైడరు లేచింది. సగం ఎత్తులో నడుము దగ్గర వదులైనట్టు అనిపించింది. నా చేయి ముందుకు పోయింది. నేను పంపలేదు, అదే పోయింది. నేల ఎదురుగా కనిపించింది, దిగాం, ఆగాం. సారు ఏమంటాడోనని కదలకుండా కూర్చున్నాను. ఎవరు నేర్పారు అన్నాడు. మా బాపు అన్నాను. పైలటా అన్నాడు. కాదు సార్, దారం కత్తిరిస్తాడు అన్నాను. నాలుగు రోజుల తర్వాత సారు నా వెనక సీటు ఖాళీగా పెట్టి, నా కింద రెండు ఇసుక సంచులు పెట్టి, వెళ్లు అన్నాడు.

ఒంటరిగా రెండుసార్లు ఎగిరి దిగాను. మూడోది ఆదివారం పొద్దున. ఎండ ఇంకా ముదరలేదు, గాలి నెమ్మదిగా ఉంది. జెండా ఊపారు, తాడు బిగిసింది, చక్రం నేల వదిలింది. ముక్కు పైకెత్తాను. మూడు తాటిచెట్ల ఎత్తు వచ్చి ఉంటాను. ఫట్‌మని పెద్ద శబ్దం, గ్లైడరు మొత్తం ఒక్కసారిగా అదిరింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఈసారి సారు వదిలింది కాదు. నిజంగానే తెగింది. వెనక సీట్లో ఎవరూ లేరు.

భయం తర్వాత వచ్చింది. ముందు చేయి పోయింది, ముందుకు. కర్ర చివరిదాకా తోశాను. ఆకాశం పైకి జారిపోయి దాని చోట్లోకి ఎర్రమట్టి వచ్చింది. గాలి ఈల మళ్లీ మొదలైంది, వేగం వచ్చిందని అర్థమైంది. మిగిలిన తాడు ముక్కను వదిలేసి, చూపు ఎదురుగానే పెట్టి, నేల దగ్గర నెమ్మదిగా సరిచేసుకున్నాను. చక్రం తగిలింది, గెంతింది, మళ్లీ తగిలింది, ఆగింది. కిందికి చూడనే లేదు. నా చేతిని ముఖం దగ్గరకు తెచ్చుకుని ముద్దు పెట్టుకున్నాను. హమ్మయ్య, హమ్మయ్య అని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

విన్చి వైపు నుంచి ఇద్దరు పరిగెత్తుకొస్తున్నారు. ముందు చాచా. వెనక తెల్లధోతి ఎగ్గట్టి, చేతిలో సంచీతో బాపు. నూలు కోసం కరీంనగర్ పోతున్నానని అవ్వకు అబద్ధం చెప్పి, బెల్లం కలిపిన మలీద ముద్దలు తీసుకుని నన్ను చూడ్డానికి వచ్చాడట. రోడ్డు విన్చి వైపు ఉంది కాబట్టి ముందు చాచా దగ్గరకు చేరాడు. ఎవరినీ అక్కడ నిలబడనివ్వకూడదు. కానీ ఫలానా పిల్ల తండ్రినని చెబితే, చాచా తన సీటు వెనక నిలబడమన్నాడు. ఆ తెగడం బాపు నిలబడి చూశాడు.

చాచా నన్ను పైనుంచి కిందిదాకా తడిమి చూసి, అల్లాకు షుక్రియా చెప్పుకుని, అప్పుడు తన నుదురు చూపించాడు. కోడిగుడ్డంత బొప్పి కట్టి ఉంది.

"తాడు తెగంగనే మీ బాపు ఎన్కనుంచి నన్ను రెండు చేతులతోని నూకిండు బేటా," అన్నాడు. "నెత్తి పోయి సీటు ముందటి ఇనుపజాలికి కొట్టుకున్నది."

బాపు సిగ్గుతో చచ్చిపోయాడు. మాఫ్ చెయ్యి భాయ్ అని చాచా చేతులు పట్టుకున్నాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. నలభై ఏళ్లు తెగిన ప్రతి పోగుకూ వెనక్కి గుంజిన చేతులవి. చాచా, నేను నవ్వు మొదలుపెడితే, బాపు కూడా నవ్వాడు. ముగ్గురం ఎర్రమట్టిలో కూర్చుని మలీద తిన్నాం. సారు వచ్చి తెగిన తాడు పరీక్షించి, నా పుస్తకంలో ఏదో రాసి సంతకం చేసి, తనూ ఒక ముద్ద తీసుకున్నాడు. వెళ్లేముందు బాపు అనుమతి అడిగి గ్లైడరు రెక్కను తడిమాడు. నేత మంచిగుంది అన్నాడు. రెండు వారాల తర్వాత నా చేతికి రెండో లైసెన్సు వచ్చింది. తాడు తెగిన మాట అవ్వతో అనవద్దని బాపూ నేనూ ఒట్టు వేసుకున్నాం. అవ్వ కొండగట్టు వెళ్లి మొక్కు తీర్చుకుంది, దేనికి తీరుస్తోందో తెలియకుండానే.

ఆ తర్వాత నేను ఎక్కువ ఎగరలేదు. చదువు అయిపోయింది, దళం వదిలేశాను, పోస్టాఫీసు ఉద్యోగం వచ్చింది, కోరుట్లలో పెళ్లయింది. రెండు లైసెన్సుల గడువూ ఎప్పుడో దాటిపోయింది. ఆ మైదానంలో గ్లైడర్లు లేవు, చాచా లేడు. మా ముందు గదిలో సాంచాలు లేవు. ఎవరైనా అయ్యో అంటారేమోనని ముందే చెబుతున్నాను, నాకే బాధా లేదు. పడిపోకుండా దిగాను. దానికే ఇప్పటికీ ఊపిరి తేలిగ్గా ఆడుతుంది.

అవ్వకు నిజం ఎలా తెలిసిందంటే, మాకై మేం చెప్పలేదు. నాకు లైసెన్సు వచ్చిన ఏడాది వేసవిలో సేటు బాపు నేసిన బట్టను రెండుసార్లు తిప్పి పంపాడు. బట్ట నిండా గీతలు. నలభై ఏళ్లలో ఎన్నడూ అలా జరగలేదు. పోగు తెగినప్పుడు సాంచాను ఆపకుండా, పిడిని ముందుకు తోస్తూ బాపు నిలబడి ఉండడం అవ్వ కళ్లారా చూసిందట. ఏమైందయ్యా నీకు అని గట్టిగా నిలదీస్తే అప్పుడు మొత్తం చెప్పాడట. నేను సెలవులకు ఇంటికి రాగానే అవ్వ నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి, మీ బాపు ఏమన్నాడో విను అని చెప్పింది.

"ఏ పోగు తెగినా గా పైన నా బిడ్డ ఉన్నట్టే అనిపిస్తది. గుంజబుద్ధి గాదు."